ఆవకాయ సీసా, ఐదు మీటర్ల గొట్టం

నవంబరు 3, సోమవారం. ఉదయం 6.10

కారు వయసు పద్నాలుగేళ్లు. పొగ మొదలై నాలుగు నెలలు. నిన్న చర్చికి వెళ్తుంటే మా అత్తగారు బంగారమ్మగారు దారంతా దగ్గుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక నా భార్య స్టెల్లా గడువు పెట్టింది.

"పదిహేనో తారీకున అమ్మని కాకినాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలండి. అప్పటికి పొగ ఆగకపోతే కారు మా తమ్ముడు నతానియేలుకి ఇచ్చేద్దాం. ఎప్పట్నించో అడుగుతున్నాడు."

ఈ కారులో మూడు వరదలు తిరిగి వార్తలు తెచ్చాను. ఇవ్వను.

నియమాలు:
1. మెకానిక్ దగ్గరికి వెళ్లకూడదు.
2. ఆయిల్ నేనే ఎంచుకోవాలి.
3. రోజూ ఆరింటికి ఆయిల్ గేజు తీసి చూసి, రాయాలి.

ఇరవై రెండేళ్లుగా విలేకరిని. ఆధారాలుంటే నిజం అదే తేలుతుంది.

నవంబరు 4

ఏ ఆయిల్ మంచిదని నలుగురిని అడిగాను. నాలుగు గ్రేడ్లు చెప్పారు. నాలుగో ఆయనకు కారు లేదు. కారుతో ఇచ్చిన పుస్తకం తీశాను. 15డబ్ల్యు-40. చర్చ ముగిసింది.

సాయంత్రం ఇంటి ముందే పాత ఆయిల్ దించి కొత్తది పోశాను. గేజు: కింది గీత. అర లీటరు కలిపాను.

నవంబరు 5. ఉదయం 6.00

గేజు: ఇంకా తక్కువే. పావు లీటరు కలిపాను. ఇంజిన్ తాగేస్తోంది.

చదివి తెలుసుకున్నది: ఇంజిన్ వదిలే ఆవిరి ఒక గొట్టంలోంచి మళ్లీ ఇంజిన్‌లోకే పోతుంది. వెంట ఆయిల్‌నీ తీసుకుపోతుంది. అది కాలితే పొగ. మధ్యలో డబ్బా ఒకటి బిగిస్తే ఆయిల్ అందులో ఆగుతుంది. బజార్లో దొరుకుతుంది. నేను చేస్తాను.

నవంబరు 6

సామగ్రి: ఖాళీ ఆవకాయ సీసా. గిన్నెలు తోమే స్టీలు పీచు. రొయ్యల చెరువుల్లో గాలి పెట్టే గొట్టం, లోపలిది పైకి కనిపించే రకం. ఒక మీటరు చాలు. ఐదు కొన్నాను.

"ఆ పీచు నిన్ననే విప్పేనండి," అంది స్టెల్లా.

"ఇంజిన్‌కి కావాలి."

"అయితే గిన్నెలూ మీరే తోమండి."

తోమాను. రాత్రి భోజనంలోపు సీసా బిగించాను.

నవంబరు 8

సీసాలో వేలెడు ఆయిల్! ఫోటో తీసి ఆఫీసులో అందరికీ చూపించాను. గేజు మాత్రం తక్కువే. కలిపాను.

నవంబరు 9, ఆదివారం

చర్చి తర్వాత చూద్దామనుకున్నాను. తర్వాత అంటే రేపు.

నవంబరు 10

6.00. వర్షం. చూడలేదు.
7.30. వర్షం ఆగింది. కాఫీ. చూడలేదు.
8.15. అంచనాగా రాశాను: తక్కువ. అంచనాగానే కలిపాను.

నవంబరు 12

సీసా ముప్పాతిక నిండింది. పొగ రెట్టింపయింది. కొబ్బరికాయల లారీ డ్రైవరు మమ్మల్ని దాటిపోతూ ముక్కు మూసుకున్నాడు. స్టెల్లా దిగి ఆటో ఎక్కింది.

"తమ్ముడికి ఫోన్ చేస్తాను లెండి," అంది.

నవంబరు 13

మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. మెకానిక్ సత్యదుర్గారావు షాపు ముందు కారు ఆగింది. రెండూ వేరు.

ఆయన ముందు సీసా చూశాడు. "పచ్చడి బావుందండి రాజ్ కుమార్ గారూ." తర్వాత గేజు తీశాడు. ఆయిల్ పై గీత దాటి రెండు వేళ్లు ఎక్కువ ఉంది.

"కారు ఎక్కడ పెట్టి చూసేరండి?"

"ఇంటి దగ్గరే."

"మీ ఇల్లు కాలవ గట్టు దిగువన కదండి. బండి ర్యాంపు మీద ఉంటాదా?"

"ఆయ్."

"ముక్కు కిందకి పెట్టి చూస్తే గేజు ఏం చెప్తాదండి, పాపం? ఉన్నా లేదనే అంటాది. ఇన్నాళ్లూ ఎక్కువ పోసేరు. ఆ ఎక్కువే పొగండి."

పాత డైరీ తీశాను. గట్టు కింది ఇంట్లోకి మారింది, ఆయిల్ తక్కువని కలపడం మొదలుపెట్టింది జూన్‌లో. పొగ మొదలైంది జులైలో. రెండూ నా చేతిరాతే.

ఎక్కువైన ఆయిల్ తీసేశాడు. పొగ సాయంత్రానికి తగ్గింది.

స్టెల్లాకు చెప్పాను. "కొత్త విలేకరి ఎక్కడ జరిగిందో రాయకపోతే కాగితం విసిరికొడతారు కదండీ మీరు?"

గిన్నెలు తోమడానికి వెళ్లాను.

నవంబరు 15

కాకినాడ వెళ్లొచ్చాం. పొగ లేదు. అత్తగారు దగ్గలేదు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నిద్రపోయారు. దారిలో నతానియేలు ఫోన్ చేశాడు.

"లేదురా, ఇవ్వం," అంది స్టెల్లా. "మీ బావగారి పరిశోధన ఇంకా అవ్వలేదు."

నవంబరు 16, ఆదివారం. ఉదయం 6.00

నియమాలు మళ్లీ మొదటి నుంచి. కొత్త పేజీ, కొత్త గడి: చోటు.

చోటు: చర్చి ఆవరణ, సిమెంటు నేల. గేజు: పై గీత. సీసా: ఖాళీ. ఖాళీగా ఉంటే చూడటానికి కొంచెం వెలితిగానే ఉంది.

నేల సమంగానే ఉందా అని పాస్టరు గారిని అడిగాను. "ఉందండి," అన్నారు. అది ఆయన మాట. ఆధారం కాదు. తాపీమేస్త్రీలు గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూస్తారు.

గొట్టం కొనక్కర్లేదు. నాలుగు మీటర్లు డిక్కీలోనే ఉంది.