కిటికీలో ఎర్రబడిన సీసా

వజీరాబాద్, నాందేడ్
23 సెప్టెంబరు 1979

చిరంజీవి నందకిషోర్‌ను దీవించి మీ అమ్మ రాయునది.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి గనుక పెడుతున్నాను. నీ చెల్లెలు పరమేశ్వరి బతికి ఉంది. మీ బాపు ఎప్పటిలాగే బట్టల దుకాణంలో గుడ్డలు మడత పెడుతున్నాడు. మీ నానమ్మ నర్సవ్వ నోట్లో పళ్ళు లేకుండానే అందరినీ నమిలేస్తోంది. కోరాడి పవర్‌హౌస్‌లో నువ్వు కూడా కులాసా అని తలుస్తాను.

చదవడం ఆపి ముందు ఒక పని చెయ్యి. రాత్రి డ్యూటీల వల్ల నిద్ర పట్టడం లేదంటే అక్కడెవరో డాక్టరు నిద్రమాత్రలు ఇచ్చాడని రాశావు. వాటిని తీసి మోరీలో పారెయ్యి. నిద్ర రాకపోతే మేలుకొనే ఉండు. ఏ మాత్రైనా సరే, నేను సరే అని రాసేదాకా మింగకు. వేళకు అన్నం తిను, ఉపవాసం మాట తలపెట్టకు. ఎందుకో చెబుతాను.

పరమేశ్వరి ఉత్తరం ఎందుకు రాయడం లేదు, నా మీద కోపమా అని అడిగావు. కోపం లేదు, కలం పట్టుకోలేకపోతోంది. పోయిన ఉత్తరంలో టైఫాయిడ్ అని రాశాను కదా, అది అబద్ధం. అప్పటికి జబ్బు పేరు ఏమిటో నాకు తెలియదు. తెలియదని రాయడానికి మనసొప్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా ల్యాబులో నాందేడ్ జనం రక్తమూ మూత్రమూ చూస్తున్నదాన్ని, నా ఇంట్లో జబ్బు నాకు తెలియదని ఎలా రాస్తాను.

శ్రావణ సోమవారాలు ఉపవాసం ఉంటానని మొదలుపెట్టింది. రెండో సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి కడుపు పట్టుకుని గోడ వారగా కూర్చుంది. తెల్లారేసరికి వాంతులు. నాలుగు రోజులు దొడ్డికి పోలేదు. దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు సంగతి రాయాలంటే నా సిరా దండగ. వేళ్ళకు మూడు ఉంగరాలు, పొట్ట మీద ఒక వేలు మాత్రమే ఆనించాడు. అంత ఏడుస్తున్న పిల్ల కడుపు మెత్తగా ఎందుకుందో, నాడి అంత వేగంగా ఎందుకు కొట్టుకుంటోందో ఆయన తనను తాను అడగలేదు. మీ బాపు వైపు తిరిగి ‘హిచం లగ్న కరా’ అన్నాడు. దీని పెళ్ళి చేయండి, అదే మందు అని. అంత చదువు చదివి ఆయన నేర్చిన వైద్యం అది. పైగా నిద్రమాత్రలు రాశాడు, పూటకొకటి.

మాత్రలు మింగిన కొద్దీ పిల్ల నిద్రపోవడం మానేసింది. గోడ మీద చీమలు బారులుగా వస్తున్నాయనేది. ఒక్క చీమ లేదు. అప్పుడు మీ నానమ్మ మొదలుపెట్టింది.

“కాశీబాయి పట్టింది దీన్ని. గిట్లనే కడుపు పట్టుకొని ఏడ్చేది. గిట్లనే లేనివి కనబడుతున్నయ్ అనేది. దాని మూత్రం సుత రగతం తీరు అయ్యేది” అంది.

కాశీబాయి మీ బాపుకు అక్క. నువ్వు పుట్టకముందే కిన్వట్‌లో అత్తగారింట్లో చచ్చిపోయింది, ముప్పై ఏళ్ళు నిండకుండానే. చివరి నెలలో ఆమెను గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. నేను కొత్త కోడలిగా ఆమెను రెండుసార్లు చూశాను. పనికి ఒళ్ళు వంగక ఆడే నాటకమని నాకు నేనే తేల్చుకున్నాను. మీ బాపు వంశంలో అందరూ నాటకాలవాళ్ళే అని మా పుట్టింట్లో చెప్పి నవ్వించేదాన్ని కూడా.

“చచ్చినోళ్ళకు వేరే పని లేదా అత్తమ్మా” అన్నాను. దర్గాకు తీసుకుపోదామంటే తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ముసలిదాని మాటలో దయ్యాన్ని తీసేస్తే మిగిలినదంతా నిజమే. నా చెవికి దయ్యం ఒక్కటే వినిపించింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున పరమేశ్వరి తల దువ్వుకుంటుంటే చేతిలోంచి దువ్వెన జారింది. తీసిచ్చాను. మళ్ళీ జారింది. “అమ్మా, నా చెయ్యి నాది గానట్టు ఉన్నది” అంది. మణికట్లు రెండూ వేలాడిపోయాయి. అప్పుడు నాకు భయం వేసింది. అంతవరకు నాకు ఉన్నది విసుగే.

ఆ రోజు ల్యాబుకు అంబదాస్ డాక్టరు వేరే రోగి రిపోర్టు కోసం వచ్చారు. ఔరంగాబాద్‌లో చదివి ఈ ఏడే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టారు, మీసం కూడా సరిగా రాలేదు. ఆయన్నీ నేను లెక్కచేసేదాన్ని కాదు. వేరే దారి లేక చెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా అంతా విని, “బాయీ, మూత్రం రంగు ఏమైనా మారిందా?” అని అడిగారు. గమనించలేదన్నాను.

వెంటనే ఇంటికి వచ్చారు. నమూనా తీసుకుని ల్యాబుకు తిరిగి వెళ్ళాం. కామెర్ల పరీక్షకు రోజూ వాడే ఆల్డిహైడ్ ద్రావకం నా అల్మారాలోనే ఉంది. నాలుగు చుక్కలు వేయగానే గొట్టం ఎర్రబడింది. క్లోరోఫారం పోసి ఊపినా ఆ ఎరుపు పైనే నిలిచింది, అడుగున చేరిన క్లోరోఫారంలోకి దిగలేదు. కామెర్లయితే దిగేది. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చూశారు.

నువ్వు యంత్రాల మనిషివి గనుక ఆయన చెప్పినట్టే రాస్తాను. రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హీమ్. దాన్ని తయారుచేయడానికి ఒంట్లో ఎనిమిది ఎంజైములు వరుసగా పనిచేస్తాయి. ఒకటి చేసిన సరుకు తరువాతి దానికి అందుతుంది. మన పిల్లకు పుట్టుకతోనే మూడో ఎంజైము సగమే ఉంది. మామూలు రోజుల్లో ఆ సగంతో గడిచిపోతుంది. ఉపవాసం ఉన్నా, కొన్ని మాత్రలు మింగినా మొదటి ఎంజైము రెచ్చిపోయి సరుకు తోసేస్తుంది. మూడో దాని దగ్గర అది పేరుకుపోతుంది. అలా పేరుకున్నప్పుడే నరాలు దెబ్బతిని కడుపునొప్పి, మతి తప్పడం, చేతులు పడిపోవడం వస్తాయి. అదే మూత్రంలో దిగి, ఎండ తగిలితే ద్రాక్షసారా రంగుకు తిరుగుతుంది. జబ్బు పేరు పార్ఫిరియా. రెచ్చగొట్టే మందులలో నిద్రమాత్రలు అన్నిటికన్నా ముందుంటాయి. ఉంగరాల డాక్టరు పూటకొకటి చొప్పున రాసిచ్చింది అవే.

మాత్రలు ఆపి గ్లూకోజు ఎక్కించారు. చక్కెర అందితే మొదటి ఎంజైము జోరు తగ్గుతుందట. అయిదో రోజుకు చీమలు పోయాయి. ఏడో రోజు పప్పన్నం అడిగింది. చేతులు మాత్రం నెలలు పడతాయన్నారు. ఇప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది.

జబ్బు మీ బాపు వైపు నుంచి వచ్చింది. ఆయనకు ఎన్నడూ నొప్పి రాలేదు, కొందరికి జన్మంతా రాదట. నీకు వచ్చే అవకాశం సగానికి సగం. నొప్పి లేనప్పుడు మూత్రంలో కనబడకపోవచ్చు. రక్తంలో ఆ ఎంజైమును కొలిచే చోటు బొంబాయిలో ఉందేమో అంబదాస్ కనుక్కుంటున్నారు. ఈ మాట రాయవద్దని మీ బాపు అన్నాడు. “పొల్లగానికి రేపు సంబంధాలు చూడాలె. ఊరంత తెలిస్తే ఎట్ల?” అన్నాడు. అక్కను గొళ్ళెం వెనక పోగొట్టుకున్న మనిషికి ఇప్పుడు కూడా గుట్టే కావాలి. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. అన్నం ముందునుంచి లేచిపోయాడు. పోనీ.

ఇంతసేపూ అందరినీ ఉతికాను. ఇక నా సంగతి రాయాలి.

గమనించలేదని అంబదాస్‌తో చెప్పాను చూడు, అది కూడా అబద్ధమే. జబ్బు మొదలైన నాలుగో రోజునే పరమేశ్వరి మూత్రం నేను ల్యాబుకు తీసుకుపోయాను. చక్కెర లేదు, చీము లేదు. సీసా కిటికీలో పెట్టి మరిచిపోయాను. మరునాడు మధ్యాహ్నం చూస్తే ముదురు ఎరుపు. నిన్న లేత పసుపుగా ఉన్నది ఇవాళ ఎర్రబడితే ల్యాబు మనిషి ఏం చేయాలి? ఎందుకని అడగాలి. నేను అడగలేదు. పరమేశ్వరి కుంకుమ కలిపిందనుకున్నాను. బడికి పోకుండా ఉండటానికి, లేదా నన్ను బెదిరించడానికి. మేనత్త పోలిక వచ్చింది అనుకున్నాను. సీసా తొట్టిలో పారబోశాను. సాయంత్రం ఇంటికి వచ్చి, “నీ వేషాలు నా దగ్గర నడవవ్” అన్నాను. అది తల అటు తిప్పుకుంది. తరువాత ఎనిమిది రోజులు నా చేత్తోనే ఆ మాత్రలు మింగించాను.

ఆ రోజే సీసాలో నాలుగు చుక్కలు వేసి ఉంటే దాని చేతులు పడిపోయేవి కావు. ఇది ఎవరూ నాతో అనలేదు. ఎవరికీ తెలియదు గనుక.

మొన్న మధ్యాహ్నం దానికి అన్నం తినిపిస్తూ చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుని వింది, నమిలి మింగింది. “ఇంకెవలకన్న చెప్పినవా?” అంది.

“లేదు.”

“అన్నకు రాయి. నాకు చేతులు వస్తే నేనే రాద్దును. అంత రాయి, ఏం దాయకు.”

అందుకే ఈ ఉత్తరం. ఇప్పుడు అది నా పక్కనే పడుకుని ఉంది. పై నుంచి ఇక్కడిదాకా చదివి వినిపించాను. మీ బాపును అన్న మాటల దగ్గర కళ్ళు మూసుకుంది. సీసా దగ్గర ఆపమంది.

“వేషాలు అన్నవ్, అది రాసినవ్. ఆ మాట అనుకుంట నవ్వినవ్ గద. అది రాయలే” అంది.

నవ్వాను, నాయనా.

ఇట్లు,
నీ పరీక్ష ఫలితం తెలిసేదాకా కుదుటపడని,
మీ అమ్మ
విద్యావతి