రోడ్డు మీద ఒలికిన మజ్జిగ

ఆదివారం, పడుకునే ముందు

ఛీ, మా ఆయన ఇంకా ఫోన్ పక్కన పెట్టలేదు.

ఉగాదికి ముందు శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులకు ఏటా అంగడి ముందు మజ్జిగ పోస్తాం. ఇవాళ సైకిల్ పందెం కర్నూలులో మా రోడ్డు మీదుగానే పోతుందని తెలిసి, మా ఆయన అలాగే రెండు కుండలు పెట్టించాడు. "ఎండలో తొక్కుతాండారు పాపం" అన్నాడు.

పందెంలో ఉన్నవాళ్లు ఆగరని మాకెవరికీ తట్టలేదు. గుంపుగా వచ్చి రయ్యిమని పోయారు. ఒక్కరూ గ్లాసు వైపు చూడలేదు. ఈయనకు తల కొట్టేసినట్టయింది. "ఇంత ప్రేమగా ఇస్తాంటే తాగకుండా పోతారా?" అంటూ స్టీలు గ్లాసు చాపి రోడ్డు మీదికే పోయాడు. వెనకబడి వస్తున్న ఒకతను ఈయన్ను తప్పించబోయి పడ్డాడు. మోచేయంతా గీరుకుపోయి నెత్తురు.

చుట్టూ అందరూ ఫోన్లెత్తారు. ఈయన ఇంకో గ్లాసు ముంచి తెచ్చి, "తాగప్పా, శానా చల్లగుండాది" అని అతని నోటి దగ్గర పెట్టి, నా వైపు తిరిగి "ఫొటో తీయ్ మే" అన్నాడు. అతను ఒక్క గుక్క తాగి సైకిలెక్కి పోయాడు.

ఇప్పుడది స్టేటస్‌లో ఉంది. "గాయపడిన ఆటగాడికి మజ్జిగ సేవ" అట! బంధువులంతా దండాలు పెడుతుంటే, ఒక్కొక్కటీ చదివి నాకు వినిపిస్తున్నాడు. మనిషిని చూస్తేనే అసహ్యం వేస్తోంది.

ఫొటో మాత్రం బాగా వచ్చింది. రోడ్డు మీద దొర్లిన మొదటి గ్లాసు, ఒలికిన మజ్జిగ ఎక్కడా కనబడవు. ఆయన చెప్పలేదు. నేనే ఒక అడుగు పక్కకు జరిగి తీశాను.