ఒట్టి నీళ్ళ వరస

మీ గైడ్ మేడమ్‌కి ఆ పుదీనా కొలతలు ఇప్పుడే పంపకు. ముందు ఇది చదువు.

నిన్న నువ్వు ఆవిడతో ఫోన్‌లో అన్నది విన్నాను. "జీవ ఎరువు వేసినా, ఆకుల మీద మందు కొట్టినా, ఒట్టి నీళ్ళు పోసినా పుదీనా ఒకేలా పెరిగిందండీ. ఆరు వారాల పని దండగ" అన్నావు. నీ పని దండగ కాదు. తప్పు నాది. నెల రోజులుగా డ్యూటీకి వెళ్ళే ముందు నీ పిచికారీ సీసాతో ఒట్టి నీళ్ళ మూడో వరసకీ మందు కొడుతున్నాను. తగ్గినంత మేరా నీళ్ళు పోసి సీసా నింపేస్తున్నాను. అందుకే రెండో వరసకి అందింది పల్చటి మందే.

"స్టీరింగు తిప్పే చేతులతో నా కుండీల జోలికి రాకండి" అని మొదటిరోజే చెప్పావు. ఆగలేకపోయాను. మొదటి రెండు వరసల దగ్గర వంగి ఆకు ఆకూ తిప్పి చూస్తావు. మూడో వరసకి నీళ్ళు పోసి వెళ్ళిపోతావు. నేను బస్సు దిగి వచ్చేసరికి నువ్వు ల్యాబ్‌లో ఉంటావు, టేబుల్ మీద భోజనం మూతపెట్టి ఉంటుంది. ఆ వరస పక్కనే కుర్చీ వేసుకుని తింటాను.

ఆ వరసలో వాషింగ్ మెషీన్ వెనక నక్కిన చివరి కుండీని మాత్రం నిన్నటిదాకా నేను చూడనేలేదు. దానికి నువ్వు పోసిన నీళ్ళే. మిగతావాటిలో సగమే ఉంది. దాన్ని విడిగా కొలిచి, జరిగింది మేడమ్‌కి చెప్పు. తిట్లు నా పేరున రాయించు.

మరిచాను. కొలవడం అయ్యాక దానికీ ఒకసారి మందు కొట్టు. ఇన్నాళ్ళూ పక్కవాటిని చూస్తూ కూర్చుంది.