కరెంటు పోయినా తిరిగే చక్రం

6-2-1961
మిల్లుకు కొత్త చక్రం వచ్చింది. కొత్తదేం కాదు, మూలపడ్డ ఆయిలింజనుది. నా ఎత్తుంది. దాన్ని మోటారు తిప్పే పెద్ద షాఫ్టుకు బిగించారు. మధ్యాహ్నమైతే చాలు, వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతోంది. పత్తి గింజలు తీసే జిన్నులన్నీ ఇరుక్కుపోతున్నాయి. ఈ చక్రం ఒకసారి వేగం అందుకుంటే ఆ బలం దాచుకుని, కరెంటు తగ్గినప్పుడు మోటారుకు సాయం చేస్తుందట. మోటారు డ్రైవరు పీరు మామ చెప్పాడు. యజమాని యలమందయ్య గారు కొబ్బరికాయ కొట్టి మాకూ తలా ముక్క పెట్టారు.

8-2-1961
నిజమే. కరెంటు తగ్గి బల్బు ఎర్రబడింది గాని జిన్నుల వేగం తగ్గలేదు. చప్పట్లు కొట్టాం.

11-2-1961, సాయంత్రం
ఇవాళ కరెంటు పూర్తిగా పోయింది. ఇదివరకు బల్బు ఆరితే జిన్ను వెంటనే నిలిచిపోయేది. ఆ సందులో చెయ్యి పెట్టి, రోలరుకు చుట్టుకున్న పత్తి లాగేయడం మా ఆడవాళ్ల అలవాటు. కరెంటొస్తే మళ్లీ తీరికుండదు. ఇవాళ కూడా అమ్మ చెయ్యి పెట్టబోయింది. రోలరు తిరుగుతూనే ఉంది! చక్రం తిప్పుతోంది. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. గాజు పగిలింది. గాజు పగలగొట్టానని నన్నే తిట్టింది.

12-2-1961
చక్రం ఆగేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దని పీరు మామ అరిచి చెప్పాడు. అందరూ ఊఁ అన్నారు. అమ్మా ఊఁ అంది. తర్వాత నాతో, ‘చెవి వింటదే, చెయ్యి వినొద్దూ?’ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను పుట్టకముందు నుంచీ ఆమెది ఆ జిన్నే.

20-2-1961
రంజాన్ ఒక్కపొద్దులు. అమ్మ కళ్లు పీక్కుపోయాయి. పక్క గోడౌన్లో మిరపకాయల ఘాటు ఒకటి. కరెంటు పోయిన ప్రతిసారీ అమ్మ చెయ్యి లేస్తోంది. ప్రతిసారీ అరుస్తున్నాను. గొంతు పోయింది.
చక్రం తీసేయమని యలమందయ్య గారిని అడిగాను. ‘సీజనులో ఎట్టా తీస్తామే ఖుర్షిదా, మీ అమ్మను నువ్వే కాస్త చూసుకో’ అన్నారు. అదేగా చేస్తున్నాను! ఒళ్లు మండింది.

24-2-1961
పీరు మామను బతిమాలి అమ్మకు ఎదురుగా ఉన్న జిన్నుకు మారాను. పత్తి కన్నా అమ్మ చేతుల్నే ఎక్కువ చూస్తున్నాను. కలలో కూడా బల్బు ఆరుతోంది.

2-3-1961
ఇవాళ కరెంటు పోలేదు. పొద్దస్తమానం ఎదురుచూడటం ఇంకా భయం.

7-3-1961
గెలిచాను! బల్బు ఆరింది. అమ్మ చెయ్యి లేవలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ‘ఇప్పుడు సంతోషమా తల్లీ’ అంది. అందరి ముందూ ఏడ్చేశాను.

18-3-1961, రంజాన్ పండగ
ఆసుపత్రి. ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర.
పోయిన గురువారం బల్బు ఆరింది. అమ్మ చేతులు వెనక్కి కట్టుకునే ఉంది. అదే చూస్తున్నాను. నా చెయ్యి ఎప్పుడు లోపలికెళ్లిందో తెలియదు. అమ్మ దగ్గర నేర్చుకున్న పనేగా.
సేమ్యా అమ్మే తినిపించింది. ఆమె వేళ్లు లెక్కపెట్టుకుంటూ తిన్నాను. అన్నీ ఉన్నాయి.