బ్రెడ్డు పొట్లం

ప్రొద్దుటూరు ఆస్పత్రి,
మంగళవారం.

నన్ను చంకనేసుకుని తిరిగిన ఓబులన్నకు,

కడప జైల్లో తిండి ఎట్లుందో అడగాలని కలం పట్టినాను. చెయ్యి రావడంలేదు. నిన్న నీ వకీలు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. “మీ అత్త అన్నంలో మందు పెట్టిందని చెప్పమ్మా. చెల్లెలి బాధ చూడలేక చేసినాడంటే మీ అన్నకు శిక్ష తగ్గుతాది” అన్నాడు.

నువ్వు నమ్మిందీ అదే. విరేచనాలతో నేను చిక్కి శల్యమైతే, మా అత్తగారిది ఎదుటి పార్టీ కాబట్టి మందే పెట్టినారన్నావు. ఇంకో కారణం నీకు తోచనే లేదు. మన ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఎదుటి పార్టీ చెయ్యే కనిపిస్తుంది గదా.

తిరుపతి డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. నా ఒంటికి గోధుమ పడదంట. అది లోపలికి పోతే, రోగాల మీద పోరాడాల్సిన నా రక్తకణాలే నా పేగుల మీద పడతాయంట. ఏండ్ల తరబడి కనిపెట్టకపోతే, ఏ కొద్దిమందికో ఆ కణాలే క్యాన్సర్‌గా మారతాయంట. టీ-సెల్ లింఫోమా అంటారు. ఆ కొద్దిమందిలో నేనున్నాను.

మన ఇంట్లో జొన్నసంగటి తిన్నన్నాళ్లు బాగానే ఉంటిని. అత్తగారింట్లో రాత్రిళ్లు గోధుమరొట్టె అలవాటు. నీరసపడితే అందరూ బ్రెడ్డు పెట్టమన్నారు. మీ బావ రోజూ ఎర్రగుంట్లలో కొని తెచ్చి, టీలో ముంచి తినిపించేవాడు. నేను ఇంకా చిక్కిపోతే, చాల్లేదేమోనని ఇంకొకటి తెచ్చేవాడు. మందంటే అదే అన్నా. పెట్టినోనికీ తెలీదు, తిన్నదానికీ తెలీదు.

బస్టాండులో నువ్వు ఆయన్ను నరికినప్పుడు ఆయన చేతిలో పొట్లం ఉంటే బాంబనుకున్నామని నీ మనుషులు చెప్పుకుంటున్నారు. అది నా బ్రెడ్డు.

రేపు నా వాఙ్మూలం తీసుకోడానికి మెజిస్ట్రేటు వస్తాడు. నా అన్నంలో ఎవరూ ఏమీ కలపలేదని చెబుతాను. నీకు యావజ్జీవం పడితే పడనీ. నేను ఎట్లాగూ పోతాను. ఆ అబద్ధం చెప్పి పోతే, నీ మనుషులు మా అత్త లక్ష్మీనరసమ్మను బతకనియ్యరు.

ఆమె నా మంచం కిందే పండుకుంటోంది. కొడుకును చంపినోని చెల్లెలికి సంగటి మెత్తగా పిసికి పెడుతోంది. “నా మింద కోపం లేదా అత్తా?” అని పొద్దున అడిగినాను.

“శానా ఉంది. ముందు తిను” అన్నది.

ఇట్లు,
మునెయ్య భార్య
చిన్నసుబ్బమ్మ