నెలకూనకి మేత

అమ్మా, కాలేజీ టూర్ బస్సు వచ్చేసింది, పరిగెడుతున్నా! అన్నయ్య గేమ్ పెట్టె టీవీ పక్కనే ఉంది, చార్జర్ పీకకు. ఈ మూడు రోజులూ వాడి నెలకూనకి నువ్వే మేత పెట్టాలి. అదేనమ్మా, వాడు పిచ్చిగా చూసే కార్టూన్‌లోది, నెలవంక చెవుల తెల్ల కూన! పచ్చ బటన్ నొక్కితే చాలు. ఎర్రది మాత్రం అస్సలు ముట్టుకోకు, వాడు ఆడిందంతా చెరిగిపోతుంది. ఒక్కరోజు మేత తప్పినా కూన సన్నబడి మాయమైపోతుంది, ఇంక రాదు.

తినగానే అది "వచ్చావా చిట్టోడా!" అంటుంది. ఉలిక్కిపడకు. గేమ్‌లో పేరు అడిగితే నువ్వు పిలిచేదే పెట్టుకున్నాడు మరి. వాడు పోయి ఏడాదైందని దానికేం తెలుసు?

నిన్న "ఆ పెట్టె అటకెక్కించవే, చూడలేకపోతున్నా" అని అరిచావు. నాకు చాలా ఏడుపొచ్చింది, తెలుసా?

ఆఁ, ఇంకోటి. ఇందాక మేత పెడదామని చూస్తే కూన అప్పటికే తినేసి ఉంది. రెండు లెవెల్స్ పెరిగింది కూడా. నేను ఆడలేదు. ఇంట్లో ఉన్నది మనిద్దరమే. నువ్వే అయితే చెప్పమ్మా, ఇద్దరం కలిసి పెడదాం. నువ్వు కాకపోతే మాత్రం నాకు చెప్పొద్దు.