నా పేరు అనుమానితుడిగా రాయవలెను

నగర పోలీసు ఉన్నతాధికారి గారి సముఖమునకు,
వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే దర్జీ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలో జరిగిన దొంగతనాన్ని కేసుగా నమోదు చేసి, అందులో అనుమానితుడిగా నా పేరు చేర్చుట గురించి.

పై విషయం చదివి తమరు నవ్వుకోవచ్చు. స్టేషనులో రైటరు గారు నవ్వారు. "పేరు తీసెయ్యమని వచ్చేవాళ్ళని చూశాను గానీ, రాయమని వచ్చినవాణ్ణి నిన్నే చూడ్డం" అన్నారు. కనుక సంగతి మొదటి నుంచి మనవి చేసుకొనుచున్నాను.

1. మా వీధిలో ఆడా మగా అందరూ పనికి పోయేవారే. ఇళ్ళు పగలంతా తాళం వేసి ఉంటాయి. ఒక ఇంట్లోవాళ్ళే ఒక్కొక్కరు ఒక్కో వేళకు తిరిగి వస్తారు. అందువల్ల పోయేటప్పుడు తాళంచెవి నా దగ్గర ఇచ్చి పోవడం అలవాటు. నా మిషను వెనక గోడకు ఒక చెక్క, దానికి మేకులు. ఏది ఎవరిదో గుర్తుండడానికి ఆ ఇంటివాళ్ళు కుట్టించుకున్న బట్టలో మిగిలిన పీలిక ఒకటి తాళంచెవికి కట్టి తగిలిస్తాను. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను.

2. గత నెల ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ గారి ఇంట్లో బీరువాలోని నగలు పోయినవి. తాళం పగలలేదు. తలుపు చెక్కు చెదరలేదు. ఆ రోజంతా ఆమె తాళంచెవి నా మేకుకే ఉంది. సాయంత్రం నా చేతిలోంచే తీసుకుని వెళ్ళింది. అటువంటి తాళం కొన్నప్పుడు రెండు తాళంచెవులు ఇస్తారు. రెండోది ఆమె భర్త దగ్గర ఉంటుంది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అర్జీలో ఉన్నది ఉన్నట్టు రాయాలి కనుక రాశాను. అంతకు మించి నాకు తెలియదు.

3. ఆమె ఫిర్యాదు పట్టుకుని వెళ్ళగా స్టేషనువారు తీసుకొనలేదు. తాళం పగలకపోతే దొంగతనమని ఎలా అంటావమ్మా, ఇంట్లోనే సరిగ్గా వెతుక్కో అని పంపించారు. అసలు కారణం తరువాత కానిస్టేబుల్ గారు బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చి చెప్పారు. "మీ వీధిలో నేరాలు తగ్గాయని పైకి లెక్క పంపాం మాస్టారూ. బోర్డు కూడా పాతాం కదా. ఇప్పుడు కేసు కడితే ఆ బోర్డు పీక్కోవాలి." ఆ బోర్డు నా అంగడికి ఎదురుగానే ఉంది. 'ఇది సురక్షిత వీధి' అని రాశారు. మొన్న దాని కిందే కూరలమ్మే ఆమె చేతిలోంచి సెల్‌ఫోను లాక్కుపోయారు. ఆమె స్టేషనుకు పోలేదు. నర్సమ్మ గారికి జరిగింది చూశాక ఎవరూ పోవడం లేదు. కాబట్టి మా వీధిలో నేరాలు ఇంకా తగ్గుతాయి.

4. కేసు లేనందున విచారణ లేదు. విచారణ లేనందున నేను దొంగనూ కాను, దొర కూడా కాను. వీధివారు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నా బాధ. అంటే జవాబు చెప్పుకొందును. ఒకరి తరువాత ఒకరు వచ్చి తాళంచెవులు తీసుకుపోయినారు. "ఇప్పుడు మా అత్తగారు ఇంట్లోనే ఉంటోంది మాస్టారూ" అని ఒకామె. ఆమె అత్తగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. "కొత్త తాళం కొన్నాం బాబాయ్, దాని తాళంచెవి బరువు, మీ మేకుకు ఆగదేమో" అని ఇంకొకాయన. పీలికలు మాత్రం విప్పి బల్ల మీద పెట్టి పోయారు. బట్టలు కుట్టించుకోవడం మానలేదు. కొలతలు ఇచ్చేటప్పుడు గోడ వైపు చూస్తారు.

5. అన్నిటికంటె ముఖ్యమైనది. ఎదురు మేడ మీద ఒక పెద్దమ్మ ఉంది. వినికిడి తక్కువ, మరపు ఎక్కువ. తలుపు తీసి ఉంటే ఎటో నడిచిపోతుంది. అందువల్ల కొడుకూ కోడలూ బయట తాళం వేసి, తాళంచెవి నాకిచ్చి పోయేవారు. మధ్యాహ్నం నేను వెళ్ళి తలుపు తీసి, ఒక మాట మాట్లాడి, పొయ్యి ఆరి ఉందో లేదో చూసి వచ్చేవాణ్ణి. ఇప్పుడా తాళంచెవి కొడుకు జేబులో, ఊరవతలి ఫ్యాక్టరీలో ఉంటోంది. గత వారం ఆమె కిటికీలోంచి పొగ వచ్చింది. పక్కవాళ్ళు గునపం తెచ్చారు. నేనూ మిషను వదిలి పరుగెత్తి మెట్లెక్కాను. "మాస్టారూ, మీరు కాస్త కిందే ఉండండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. కింద నిలబడి తాళం పగిలే చప్పుడు విన్నాను. గిన్నె మాడింది, పెద్దమ్మకు దగ్గు తప్ప ఏమీ కాలేదు. మర్నాడు కొడుకూ కోడలూ కొత్త తాళం వేసుకుని పనికి పోయారు. ఆమె కిటికీ ఊచల్లోంచి నన్ను పిలుస్తుంది. "ఏరా, రావడం మానేశావేం? నా మీద కోపమా?" అంటుంది. వీధంతా వింటుంది. ఆమెకు ఏం చెప్పాలన్నా అరవాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు.

కావున తమరిని ప్రార్థించునదేమనగా, దొంగతనం కేసు రాయించండి. అనుమానితుల్లో మొదటి పేరు నాదే పెట్టించండి. నా అంగడి, నా ఇల్లు సోదా చేయించండి. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు మిషను కట్టేసి వస్తాను. దొంగనని తేలితే లోపల వేయండి. కాదని తేలితే ఆ ముక్క కాగితం మీద రాసి, స్టేషను ముద్ర వేసి ఇప్పించండి. ఆ బోర్డు కిందే అతికించుకుంటాను. ఆ ఇంట్లో మళ్ళీ పొగ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆలోగా చిత్తగించి, నేనేమిటో తేల్చవలెను.

తమ విధేయుడు,
వీధి మొదటి దర్జీ
(సంతకం కింద వేలిముద్ర కూడా వేశాను. పోల్చుకోవడానికి పనికివస్తుంది.)

తా.క.: ఈ కాగితం మడత పెడుతుండగా నర్సమ్మ గారు డ్యూటీకి పోతూ ఆగింది. ఇంటికి కొత్త తాళం వేసిందట. రెండు తాళంచెవులూ సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇక మీదట రెండూ మీ దగ్గరే ఉండనివ్వండి మాస్టారూ" అంది.

"రెండూనా అమ్మా?"

"రెండూ."

పాత పీలిక వెతికి కట్టి మేకుకు తగిలించాను. కేసు సంగతి ఆమెను అడిగి చేయండి. వద్దంటే రాయవద్దు, నా పేరు ఎలా ఉంటే అలా ఉంటుంది. ఆ పెద్దమ్మ ఇంటి తాళంచెవి మాత్రం నా మేకుకు తగిలించమని వాళ్ళబ్బాయికి ఒక్క మాట చెప్పించండి.